వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ ఎలా ఆలోచించాలి: గోదావరి డెల్టా నర్సులు తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పై ఏళ్లు వార్డుల్లో పనిచేశాను, అందులో సగం హెడ్ నర్సుగా. ఇప్పుడు అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం వైపు కొత్తగా ఇన్‌ఛార్జి బాధ్యత తీసుకున్న సిస్టర్లతో కూర్చుని మాట్లాడుతుంటాను. ఊరు మారినా వాళ్లు అడిగే ప్రశ్నలు పెద్దగా మారవు. అందుకే ఒకచోట రాసిపెట్టాను. మందుల మోతాదులు వచ్చినచోట మీ ఆసుపత్రి ప్రోటోకాల్‌నే పాటించండి. ఇక్కడ నేను చెప్పేది ఆలోచించే తీరు గురించి.

డాక్టర్ గారు రాసింది చెయ్యడమే కదా మా పని? ఇందులో మేం ఆలోచించేది ఏముంటుంది?

రౌండ్స్‌లో డాక్టర్ గారు ఒక మంచం దగ్గర నిలబడేది రెండు మూడు నిమిషాలు. మీరు షిఫ్టంతా ఉంటారు. ఆ నిమిషాల్లో బయటపడనిది మీ కళ్లముందే బయటపడుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. కాన్పయిన ఒక అమ్మాయికి బీపీ 110/70, పల్స్ 88. అరగంట తర్వాత బీపీ 110/70, పల్స్ 104. ఇంకో అరగంటకి బీపీ 106/70, పల్స్ 118. బీపీ గడి ఒక్కటే చూసే సిస్టర్ మూడుసార్లూ 'నార్మల్' అనుకుని ముందుకెళ్లిపోతుంది. వయసులో ఉన్న తల్లి ఒంట్లోంచి రక్తం పోతున్నా శరీరం చాలాసేపు బీపీని నిలబెట్టుకుంటుంది. బీపీ పడిపోయేసరికి పోవాల్సిన రక్తం పోయే ఉంటుంది. పల్స్‌ని బీపీలోని పై అంకెతో భాగించి చూడండి. మొదటిసారి 0.8, మూడోసారి 1.1. కాన్పు తర్వాత ఇది 0.9 దాటిందంటే అనుమానించాల్సిందే. వెంటనే దుప్పటి తీసి, నడుము కింద చెయ్యిపెట్టి రక్తం నిలిచిందేమో చూడాలి. గర్భసంచి గట్టిపడిందో లేదో తడిమి చూడాలి. సాయానికి కేకెయ్యాలి.

ఆ మూడు అంకెలూ షిఫ్టు మారే వేళ ఇద్దరి చేతుల్లో పడితే ఎవరికీ విడిగా ఏమీ కనబడదు. వాటిని పక్కపక్కన పెట్టి చదివే మనిషి ఇన్‌ఛార్జి సిస్టరే. ఆవిడ అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: ఇందాకటికీ ఇప్పటికీ ఏం మారింది? ఈ పేజీలో మిగతా జవాబులన్నిట్లోనూ ఈ ప్రశ్నే తిరుగుతూ ఉంటుంది. మంచం దగ్గరైనా, మందుల గదిలోనైనా, వరద రోజునైనా.

'క్రిటికల్ థింకింగ్'ని తెలుగులో 'విమర్శనాత్మక ఆలోచన' అంటారు. అంటే తప్పులు పట్టడమా?

ఆ మాట వల్లే చాలామంది బెదిరిపోతారు. నేనైతే 'తరచి చూడటం' అంటాను. చేపలు కొనేటప్పుడు మనవాళ్లు మొప్ప ఎత్తి చూస్తారు, వేలితో నొక్కి చూస్తారు. చేపలమ్మని అవమానించడానికి కాదు, ఇంటికి తీసుకెళ్లేది ఏమిటో తెలియాలి కాబట్టి. మనకి అందిన సమాచారాన్నీ, ముఖ్యంగా మనకి తట్టిన మొదటి అభిప్రాయాన్నీ, అలా నొక్కి చూసుకోవడమే ఇది.

ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. పేషంట్‌ని చూడగానే తెలిసిపోతుంది. అది చాలదా?

చూడగానే తెలియడం గొప్ప విషయమే, నేను కాదనను. కొత్తగా చేరిన నర్సు నియమాలు చూసుకుంటూ పనిచేస్తుందనీ, నిపుణురాలు మొత్తం పరిస్థితిని ఒక్కసారిగా పట్టుకుంటుందనీ పట్రీషియా బెన్నర్ అనే నర్సింగ్ ఆచార్యురాలు 1984లోనే వివరించారు. మనలో సీనియర్లందరికీ అది అనుభవమే. ఆ చూపు ఒక్కోసారి మోసం చేస్తుంది.

నాకు జరిగింది చెబుతాను. కోతల రోజులు. కళ్లం దగ్గర కటిక నేల మీద పడుకున్న కూలీని తెల్లవారుజామున కడుపునొప్పి అని తీసుకొచ్చారు. ముందురోజు రాత్రి ఏదో విందు భోజనం చేశాడన్నారు. గ్యాస్ నొప్పి అనుకున్నాను, అలాంటివి వందలు చూశాను మరి. పక్కన ఉన్న జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) రెండో ఏడాది అమ్మాయి, "మేడమ్, ఆయన కళ్లు పూర్తిగా తెరవట్లేదేంటండీ?" అంది. "రాత్రంతా నిద్ర లేదు కదమ్మా" అన్నాను. ఆ పిల్ల ఊరుకోలేదు. "మాట కూడా ముద్దగా వస్తోంది మేడమ్" అంది. అప్పుడు తిరిగి చూశాను. రెప్పలు వాలిపోతున్నాయి, తల దిండు మీంచి ఎత్తలేకపోతున్నాడు. అది కట్లపాము కాటు.

కట్లపాము రాత్రిపూట, నేల మీద నిద్రపోయేవాళ్లని కరుస్తుంది. పెద్దగా నొప్పి ఉండదు, వాపు రాదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, ఆ తర్వాత రెప్పలు వాలడం, మింగలేకపోవడం, చివరికి ఊపిరి కండరాలు చచ్చుబడటం. గాజు ట్యూబులో రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచే పరీక్ష రక్తపింజరి కాటుని పట్టిస్తుంది. కట్లపాము కాటులో మాత్రం రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. 'గడ్డకట్టింది కాబట్టి పాము కాదు' అని తేల్చేసిన వాళ్లని నేను చూశాను. ఒకే శ్వాసలో ఎంతవరకు లెక్కపెట్టగలడో పదిహేను నిమిషాలకోసారి అడిగి రాస్తూ ఉంటే, ఊపిరి తగ్గిపోవడం ముందే తెలుస్తుంది.

ఆ రోజు ఆ అమ్మాయి రెండోసారి నోరు తెరవకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను. 'ఇది ఫలానా' అని మనసు తేల్చేసిన వెంటనే, దానికి సరిపడని లక్షణం ఒక్కటైనా ఉందా అని వెతుకుతాను. గ్యాస్ నొప్పికి రెప్పలు వాలవు. ఇందులో మన పొలాలకి సంబంధించిన ఇంకో చిక్కు కూడా ఉంది. పురుగుమందు విషానికీ మనిషి మగతగానే వస్తాడు. అయితే కంటిపాప సూదిమొనంత అయిపోయి ఉంటుంది, నోట్లో లాలాజలం, ఒళ్లంతా చెమట ఉంటాయి. టార్చిలైటు వేసి కంటిపాప చూడటానికి అయిదు సెకన్లు పడుతుంది.

వార్డులో ఒక సమస్య పదేపదే వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

లెక్కతో మొదలుపెట్టండి. క్రిమియా యుద్ధంలో గాయాలకంటే రోగాలతోనే సైనికులు ఎక్కువగా చనిపోతున్నారని ఫ్లోరెన్స్ నైటింగేల్ అంకెలు పోగేసి, 1858లో గీసిన చిత్రాలతో ప్రభుత్వానికి చూపించారు. ఆవిడ దీపం పట్టుకుని తిరిగిన సంగతి అందరికీ తెలుసు. ఆవిడ పట్టికల సంగతి మన స్టూడెంట్లకి అంతగా చెప్పం.

ఒక ఫిమేల్ వార్డులో క్యాన్యులా (నరంలోకి మందులు ఎక్కించే చిన్న గొట్టం) పెట్టినచోట వాపులు బాగా వస్తున్నాయని గొడవ. 'కొత్తమ్మాయిలకి చెయ్యి తిరగలేదు' అన్నది అందరూ ఒప్పేసుకున్న కారణం. పాత రిజిస్టరు వెనక పేజీలో నాలుగు గడులు గీశాం: ఏ మంచం, ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, వాపు ఎప్పుడు వచ్చింది. రెండు వారాలకి తేలిందేమిటంటే 'ఎప్పుడు పెట్టారు' అన్న గడి చాలావాటికి ఖాళీగా ఉంది. క్యాజువాలిటీలో రాత్రి హడావిడిలో పెట్టినవి ప్లాస్టరు మీద తేదీ లేకుండా వార్డుకి వస్తున్నాయి. అది నిన్నటిదో నాలుగు రోజుల కిందటిదో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ తియ్యడం లేదు. కొత్తమ్మాయిల చేతిలో లోపమేమీ లేదు. మార్కర్‌తో ప్లాస్టరు మీద తేదీ, టైమూ రాయడం మొదలుపెట్టాక ఆ గొడవ సద్దుమణిగింది.

సమస్యని ఒక వాక్యంగా రాయడం నేర్చుకోండి. 'స్టాఫ్ సరిగ్గా చెయ్యట్లేదు' అన్నది సమస్య కాదు, అది కోపం. 'క్యాజువాలిటీ నుంచి వచ్చే క్యాన్యులాల మీద తేదీ ఉండట్లేదు' అన్నారనుకోండి, పరిష్కారం ఆ వాక్యంలోనే సగం దొరుకుతుంది.

'ఎందుకు' అని అయిదుసార్లు అడగమని ట్రైనింగ్‌లో చెప్పారు. నిజంగా పనిచేస్తుందా?

టయోటా కార్ల కంపెనీ నుంచి వచ్చిన పద్ధతి అది. పనిచేస్తుంది, మధ్యలో ఆగకపోతే. చాలామంది రెండో 'ఎందుకు' దగ్గర ఒక మనిషి పేరు దొరకగానే ఆగిపోతారు.

ఇన్సులిన్ సంగతి తీసుకోండి. మన దగ్గర వయల్స్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, వాటికి ఎర్రమూత సిరంజి. 100 యూనిట్లవి కూడా వస్తాయి, వాటికి నారింజరంగు మూత సిరంజి. 100 యూనిట్ల మందుని ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. తిరగేసి 40 యూనిట్ల మందుని నారింజమూత సిరంజిలో లాగితే 20 అనుకున్నది 8 యూనిట్లే. మొదటిదాంట్లో తెల్లారేసరికి షుగర్ పడిపోయి పేషంట్ చెమటల్లో మునిగి ఉంటాడు. రెండోదాంట్లో 'ఎంత ఇచ్చినా షుగర్ దిగట్లేదు' అని మోతాదు పెంచుకుంటూ పోతారు.

ఇప్పుడు అడగండి. షుగర్ ఎందుకు పడిపోయింది? ఇన్సులిన్ ఎక్కువ వెళ్లింది. ఎందుకు? సిరంజి మారిపోయింది. ఎందుకు మారింది? రెండు రకాలూ ఒకే ట్రేలో ఉన్నాయి. రెండు రకాలు ఎందుకొచ్చాయి? స్టోర్‌లో ఒకటి అయిపోతే రెండోది పంపారు. స్టోర్ వాళ్లు ఎందుకలా పంపారు? స్టోర్‌కి మనం రాసే సరుకుల చీటీ, అంటే ఇండెంట్‌లో 'ఇన్సులిన్ సిరంజి' అని మాత్రమే ఉంది, ఏదో రాయలేదు. చూశారా, మూడో ప్రశ్న దగ్గర ఆగితే ట్రేలు విడదీస్తారు. అయిదో ప్రశ్న దాకా వెళ్తే ఇండెంట్ రాసే తీరే మారుతుంది. రెండూ కావాలి.

ఒక లోపం కూడా చెప్పాలి. ఈ ప్రశ్నలు ఒక దారివెంటే తీసుకెళ్తాయి. నిజంగా జరిగే పొరపాట్లకి దారులు చాలా ఉంటాయి. ఆ రాత్రి వార్డులో లైటు సరిగ్గా ఉందా, ఒక్క సిస్టర్ ఎంతమందిని చూస్తోంది, రెండో మనిషి సరిచూసే పద్ధతి ఉందా అన్నవి కూడా పక్కన రాసుకోవాలి. జపాన్‌కి చెందిన ఇషికావా దీనికి చేప ముల్లు బొమ్మ గీయమన్నారు. నడుమ ఒక వెన్నుముల్లు, దానికి అటూ ఇటూ పక్కముళ్లు. మనుషులు, పరికరాలు, పద్ధతులు, స్థలం, సరుకు, ఒక్కో ముల్లుకి ఒక్కోటి. బోర్డు మీద సుద్దతో గీసినా సరిపోతుంది.

తప్పు చేసినవాళ్లకి మెమో ఇవ్వకపోతే భయం ఉండదు కదా మేడమ్? బాధ్యత వద్దా?

ఈ ప్రశ్న దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను.

నేను ఇన్‌ఛార్జిగా చేరిన కొత్తలో, ఒక ఆసుపత్రిలో, ఒకరి యాంటీబయోటిక్‌ని పక్క మంచం పేషంట్‌కి ఇచ్చిన స్టాఫ్ నర్సు తనంతట తానే వచ్చి చెప్పింది. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. నేను పైవాళ్లకి రాశాను, ఆ అమ్మాయికి మెమో వచ్చింది. పద్ధతి ప్రకారమే చేశాననుకున్నాను. ఆ తర్వాత కొన్ని నెలలపాటు నా వార్డులో ఒక్క పొరపాటు కూడా నమోదు కాలేదు. మొదట సంతోషించాను. పొరపాట్లు ఆగిపోలేదనీ, నా దాకా రావడమే ఆగిపోయిందనీ ఆలస్యంగా అర్థమైంది. ఆ ఇద్దరు పేషంట్ల ఇంటిపేరూ, పేరూ ఒకటే. పక్కపక్క మంచాలు. ఆ సంగతి మెమోలో లేదు.

ఏటిగట్టు సంగతి మనకి తెలియనిది కాదు. గట్టులో ఎలుక బొరియలూ, ఎండ్రకాయ బొరియలూ ఎప్పుడూ ఉంటాయి. వేసవిలో వాటివల్ల ఏమీ కాదు. వరద నీరు గట్టుకి ఆనుకుని నిలబడిన రాత్రి ఆ బొరియల్లోంచే ముందు చెమ్మ, తర్వాత ఊట, తర్వాత గండి. గండి పడిన రాత్రి కాపలా ఉన్నవాడిని తిట్టేసి ఊరుకుంటే బొరియ అలాగే ఉండిపోతుంది. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ ఇదే సంగతిని రంధ్రాలున్న జున్ను ముక్కలతో చెప్పారు. ముక్కల్లోని రంధ్రాలన్నీ ఒకే వరసలోకి వచ్చినప్పుడు ప్రమాదం వాటిగుండా దూసుకుపోతుందన్నారు. మనకి ఏటిగట్టు చాలు.

అలాగని అన్నీ వదిలెయ్యమనడం లేదు. మూడు రకాలుగా విడదీసుకోండి. చెయ్యి జారిన పొరపాటు ఒకటి: ఒకే పేరు, ఒకేలా ఉన్న యాంపూల్, అలసట. అక్కడ ఆ మనిషిని ఓదార్చాలి, పద్ధతిని సరిచెయ్యాలి. అడ్డదారి అలవాటు రెండోది: చేతి పట్టీ చూడకుండా మంచం నంబరుతో మందులు ఇచ్చెయ్యడం లాంటివి. అక్కడ కూర్చోబెట్టి మాట్లాడాలి, ఆ అడ్డదారి ఎందుకు తొక్కాల్సి వస్తోందో కూడా చూడాలి. తెలిసి తెలిసి రోగిని ప్రమాదంలో పెట్టడం మూడోది: ఇవ్వని మందు ఇచ్చినట్టు రాయడం, డ్యూటీలో మద్యం తాగి రావడం. మెమో దానికోసం. నా అనుభవంలో మూడో రకం చాలా అరుదు, మెమోలు మాత్రం ఎక్కువగా మొదటి రకానికే వెళ్తాయి.

ఆ అమ్మాయికి తర్వాత క్షమాపణ చెప్పాను. చాలా ఏళ్ల తర్వాత.

రాత్రి రెండింటికి డాక్టర్ గారికి ఫోన్ చేస్తే ఏం చెప్పాలో తడబడతాం. ఎలా చెప్పాలి?

'సార్, ఆరో నంబరు పేషంట్ డల్‌గా ఉందండీ' అని చెబితే, నిద్రలో ఉన్న మనిషి 'సరే, చూస్తూ ఉండండి' అంటారు. తప్పు వారిది కాదు, మీరు చేతికి ఏమీ అందించలేదు.

అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో వాడిన ఒక క్రమం తర్వాత ఆసుపత్రుల్లోకి వచ్చింది. దాన్ని ఎస్‌బార్ అంటారు. ఇప్పుడు ఏం జరుగుతోంది, వెనక కథేమిటి, నేనేం అనుకుంటున్నాను, మీ నుంచి నాకేం కావాలి. ఈ నాలుగూ, ఇదే వరసలో. మన మాటల్లో ఇలా ఉంటుంది:

"నమస్తే సార్. లేబర్ వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌నండీ. ఆరో నంబరు అమ్మాయికి మోకాలి జెర్క్ రావట్లేదండీ, శ్వాస నిమిషానికి 12 ఉంది. సాయంత్రం ఫిట్స్‌తో వచ్చిన మొదటి కాన్పు అమ్మాయి సార్, మెగ్నీషియం సల్ఫేట్ మీద ఉంది, తర్వాతి డోసు ఇప్పుడే పడాలి. నాలుగు గంటల్లో యూరిన్ 80 మిల్లీలీటర్లే వచ్చింది. మెగ్నీషియం ఎక్కువైందనుకుంటున్నానండీ. డోసు ఆపాను, ఆక్సిజన్ పెట్టాను, కాల్షియం గ్లూకోనేట్ సిద్ధంగా ఉంది. ఇవ్వమంటారా? మీరు ఒకసారి రావాలి సార్."

చదవడానికి అరనిమిషం కూడా పట్టదు. శ్వాస 16కి తగ్గకూడదు, యూరిన్ గంటకి 30 మిల్లీలీటర్లకి తగ్గకూడదు, జెర్క్ ఉండాలి. ఈ మూడూ చూశాకే తర్వాతి డోసు అన్నది గుర్తున్న సిస్టరే ఈ ఫోన్ చెయ్యగలదు. అవతలనుంచి ఆర్డరు రాగానే తిరిగి చదివి వినిపించండి: "పది శాతం కాల్షియం గ్లూకోనేట్ పది ఎంఎల్, ఐవీ, నెమ్మదిగా పది నిమిషాల్లో. అంతేనా సార్?" ఫోన్‌లో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినబడవచ్చు.

'నేనేం అనుకుంటున్నాను' అన్న భాగం దగ్గర మన సిస్టర్లు మొహమాటపడతారు. రోగనిర్ధారణ మనం చెప్పకూడదేమో అని. మీరు నిర్ధారణ చెయ్యడం లేదు, మంచం పక్కనున్న మనిషిగా మీకు తోచింది చెబుతున్నారు.

చెప్పినా డాక్టర్ గారు కోప్పడి ఫోన్ పెట్టేస్తే?

మళ్లీ చెయ్యండి. ఈసారి మాట మార్చండి: "సార్, నాకు ఆందోళనగా ఉందండీ. ఇది పేషంట్‌కి ప్రమాదం అనిపిస్తోంది." రెండోసారీ కాకపోతే ఆ పై డాక్టర్ గారికి, అక్కడా కాకపోతే ఆసుపత్రి రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్, అంటే ఆర్‌ఎంఓ గారికి. ఎవరికి ఎన్నింటికి చెప్పారో, ఏమన్నారో కేస్ షీట్‌లో ఉన్నదున్నట్టు రాయండి, విసుగు మాటలు రాయకండి. వీళ్లందరి ఫోన్ నంబర్ల వరస నర్సింగ్ స్టేషన్ గోడ మీద ముందే ఉండాలి. ఆ వేళప్పుడు వెతుక్కునేలా ఉండకూడదు.

స్కోర్ చార్టులు నింపడం రాతపనే కదా? వాటివల్ల ఏం ఉపయోగం?

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 43 వచ్చాక 'నీళ్లు అంత ఎక్కువగా కనబడట్లేదే' అని ఎవరూ వాదించరు. అంకె వచ్చింది, పని మొదలవ్వాలి. పేషంట్ దిగజారుతున్నాడేమో ముందే చెప్పే న్యూస్-2 చార్టు అచ్చంగా ఇలాంటిదే. బ్రిటన్ వైద్యుల రాయల్ కాలేజీ 2012లో మొదటిది తెచ్చి 2017లో సవరించింది. శ్వాస, ఆక్సిజన్ శాతం, ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, పల్స్, స్పృహ, ఒంటి వేడి, ఈ ఏడిటికీ మార్కులు వేసి కూడతారు. మొత్తం 5 గానీ 6 గానీ అయితే డాక్టర్ గారు త్వరగా చూడాలి. 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే అత్యవసరం. పదహారేళ్ల లోపు పిల్లలకీ, గర్భిణులకీ ఇది వాడకూడదు, వాళ్లకి వేరే చార్టులున్నాయి.

దీన్ని పాడుచేసేది ఒకే ఒక్క అలవాటు. ఏ వార్డుకైనా వెళ్లి కేస్ షీట్లు తిరగెయ్యండి, అందరికీ శ్వాస 20 అనే ఉంటుంది. మనిషి దిగజారుతున్నప్పుడు ముందుగా మారేవాటిలో శ్వాస ఒకటి. దాన్నే మనం చూడకుండా రాసేస్తున్నాం. ఇన్‌ఛార్జిగా మీరు ఒక్కటే పని చెయ్యండి. రోజుకి ఇద్దరు పేషంట్లకి నిండు నిమిషం మీరే లెక్కపెట్టి, చార్టుతో పోల్చి చూడండి. స్టాఫ్‌ని మందలించనక్కర్లేదు. మేడమ్ లెక్కపెడుతున్నారని తెలిస్తే వాళ్లూ లెక్కపెడతారు.

వరదలు, తుఫాన్లు వచ్చినప్పుడు అప్పటికప్పుడు నిర్ణయాలు తీసుకోవడం ఎలా?

అప్పటికప్పుడు తీసుకునేవి వీలైనంత తగ్గించుకోవాలి. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమ కొబ్బరితోటల్ని ఎలా పడగొట్టిందో చూసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. 2022 జూలైలో లంకలు నీటిలో ఉన్న రోజులు మొన్నటివే. మన జిల్లాల్లో ఇది ఎప్పుడో వచ్చే ఆపద కాదు, క్యాలెండర్‌లో ఉన్న పని.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మీ వార్డు ప్రణాళికని ఈ మూడింటికే కట్టెయ్యండి. ఎగువన భద్రాచలంలో నీరు పెరిగిన తర్వాత మన దాకా రావడానికి దొరికే వ్యవధే మనకున్న ఆస్తి.

మొదటి హెచ్చరికకే లంక గ్రామాల ఏఎన్ఎంలకీ ఆశా కార్యకర్తలకీ ఫోన్ చేసి, నెలలు నిండిన గర్భిణుల జాబితా తెప్పించాలి. కాజ్‌వే మునగకముందే వాళ్లని ఈవలి ఒడ్డుకి, ఆసుపత్రి దగ్గరలో ఉన్న చుట్టాలింటికైనా తరలించమనాలి. నొప్పులు మొదలయ్యాక రాత్రిపూట నాటుపడవలో తీసుకురావడం ఎంత ప్రాణసంకటమో చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. డయాలసిస్ వాళ్లు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు, ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవాళ్లు కూడా ఆ జాబితాలో ఉండాలి. యంత్రానికి కరెంటు కావాలి కదా.

రెండో హెచ్చరికకి డ్యూటీలు మార్చుకోవాలి. అవతలి ఒడ్డునుంచి వచ్చే సిస్టర్ ఎవరు, రాలేకపోతే ఎవరు నిలబడాలి, ఇక్కడే ఉండిపోయేవాళ్లకి పడకా భోజనం ఎక్కడ అన్నది కాగితం మీద ఉండాలి. జనరేటరుకి డీజిల్ ఎన్ని గంటలకి సరిపోతుంది? కాన్పు తర్వాత రక్తం పోకుండా ఇచ్చే ఆక్సిటోసిన్, పాము విషానికి విరుగుడు వయల్స్ ఎన్ని ఉన్నాయి? ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, కరెంటు పోయిన రెండో రోజు ఫ్రిజ్‌లో ఉన్నది పనిచేస్తుందని నమ్మడానికి లేదు. ఐస్ ప్యాకులతో వ్యాక్సిన్ పెట్టె ముందే సిద్ధం చేసుకోవచ్చు. నీరెక్కితే పాములు మెట్టకి, మనుషులున్న గట్టుల మీదకీ బడుల్లోకీ చేరతాయని మన పెద్దలందరికీ తెలుసు. కాబట్టి పాము కాట్లు పెరుగుతాయని ముందే లెక్కలో వేసుకోవాలి.

నీరు తీశాక వారం రెండు వారాల్లో విరేచనాలు, జ్వరాలు. అప్పటికి అందరూ అలసిపోయి ఉంటారు. ఆ వారానికి మనుషుల్ని మిగల్చుకోవడం కూడా ప్రణాళికే.

ఒకేలాంటి కేసులు ఒక్కసారిగా వస్తే ఇన్‌ఛార్జి సిస్టర్ ఏం చెయ్యాలి?

2020 డిసెంబరులో ఏలూరు గుర్తు చేసుకోండి. కరోనా కాలం. మూర్ఛలు, సొమ్మసిల్లడం, నురగలు. కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా ఆసుపత్రికి వచ్చారు. మొదట రకరకాల ఊహలు వచ్చాయి. తర్వాత రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో బయటపడింది, పురుగుమందుల మీదా అనుమానం వచ్చింది.

కారణం తేల్చడం మన పని కాదు. కారణం తేల్చడానికి కావలసింది మాత్రం మన చేతిలోనే ఉంటుంది. మూడో కేసు రాగానే ఒక కాగితం తీసి గడులు గియ్యండి: వయసు, వీధి, లక్షణం ఎన్నింటికి మొదలైంది, తాగే నీళ్లు ఎక్కడివి, చివరిసారి ఏం తిన్నారు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. మందులు పడకముందు తీసిన రక్తం, వాంతి నమూనా పారబొయ్యకుండా పేరు, టైమూ రాసి ఉంచండి. సూపరింటెండెంట్ గారికి వెంటనే చెప్పండి. ఈ వివరాలు రెండో రోజు అడిగితే సగం పోతాయి, మూడో రోజుకి అందరూ ఒకరు చెప్పింది విని ఒకటే చెబుతారు.

మీటింగుల్లో జూనియర్లు నోరు విప్పరు. ఏం చెయ్యాలి?

మీరు ఆఖర్న మాట్లాడండి. ఇన్‌ఛార్జి ముందే తన అభిప్రాయం చెప్పేస్తే మిగతావాళ్లు "ఆయ్, అలాగేనండీ" అంటారు, అంతటితో సరి. డ్యూటీ మారేటప్పుడు అందరికంటే చిన్న సిస్టర్‌ని ముందు అడగండి: "ఈ వార్డులో ఈ పూట నీకు ఎవరి గురించి భయంగా ఉందమ్మా?" ఏ మంచం అని చెప్పినా, అందరూ కలిసి ఆ మంచం దగ్గరికి వెళ్లండి. ఏమీ లేకపోయినా "మంచిపని చేశావు" అనండి. ఆయమ్మల్నీ, ఎంఎన్ఓలనీ (మగ నర్సింగ్ ఆర్డర్లీలు) కూడా అడగండి. పేషంట్ రాత్రంతా అన్నం ముట్టలేదని, మంచం మీంచి లేచి తిరిగాడని ముందు తెలిసేది వాళ్లకే.

ముప్పై మందికి ఒక్క సిస్టర్. ఆలోచించడానికి టైమ్ ఎక్కడిది మేడమ్?

మీ బాధ నిజం. సాధారణ ఆసుపత్రుల్లో అయిదుగురు రోగులకి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. అది లేనిచోట 'బాగా ఆలోచించండి' అని చెప్పి తప్పించుకోవడం అన్యాయం. మనుషులు తక్కువైన ప్రతి షిఫ్టునీ, ఆ షిఫ్టులో వాయిదాపడిన పనినీ తేదీతో రాసి నెలనెలా పైకి పంపండి. నోటిమాటగా చెప్పిన కష్టం ఫైల్లోకి ఎక్కదు.

ఈలోపు చెయ్యగలిగింది, మంచాల సంఖ్యతో కాకుండా బరువుతో పంచడం. పన్నెండు మంది కోలుకుంటున్నవాళ్లని ఒకరికి, అయిదుగురు సీరియస్ కేసుల్ని ఒకరికి. కొత్తమ్మాయి ఉన్న రాత్రి పక్కన సీనియర్ ఉండేలా రోస్టర్ వెయ్యండి. సీరియస్ కేసులు నర్సింగ్ స్టేషన్‌కి ఎదురుగా ఉన్న మంచాల్లోకి మార్చండి. అటూ ఇటూ నడుస్తున్నప్పుడు కళ్లు వాటి మీద పడతాయి.

మార్పు చేశాం, బాగానే నడిచింది. మూడు నెలలకి మళ్లీ పాత పద్ధతే. ఎందుకు?

ఒక్కసారిగా వార్డంతా మార్చేశారేమో చూడండి. ముందు ఒక్క షిఫ్టులో, నాలుగు మంచాలకి చేసి చూసి, ఎక్కడ అడ్డం పడుతోందో తెలుసుకుని, సరిచేసుకుని, అప్పుడు పెంచుకుంటూ పోవాలి. పీడీఎస్ఏ (ప్లాన్, డూ, స్టడీ, యాక్ట్) అని క్వాలిటీ వాళ్లు చెప్పేది ఇదే.

రెండోది, మార్పు మనుషుల జ్ఞాపకం మీద ఆధారపడి ఉంటే నిలవదు. పైన చెప్పిన ఆ క్యాన్యులా తేదీ రాయడం కూడా ఒకసారి ఆగిపోయింది. ట్రాన్స్‌ఫర్ల మీద కొత్తవాళ్లు వచ్చారు, వాళ్లకి ఎవరూ చెప్పలేదనుకుని మళ్లీ మీటింగు పెట్టబోయాను. ముందు ఒకసారి ట్రాలీ దగ్గరికి వెళ్లి చూశాను. మార్కర్ లేదు. ఎవరో రిజిస్టర్ రాయడానికి తీసుకెళ్లి తిరిగి పెట్టలేదు. అమ్మాయిలకి రాయాలనే ఉంది, రాయడానికి ఏమీ లేదు. కొత్త మార్కర్ తెప్పించి, గాజుగుడ్డ పీలికతో ట్రాలీ కడ్డీకి కట్టేశాం.